పై వార్మర్‌లో డప్పు

గ్రేమ్ నా డప్పు మీద నీళ్లు చల్లాడు. అదీ ఇంకో ఇరవై నిమిషాల్లో నేను వాయించాల్సి ఉండగా. ఆ క్షణాన ఆయన్ని న్యూ లిన్ రైలు స్టేషన్ దాకా తరమాలనిపించింది.

నిజానికి పాపం మంచికే చేశాడు. ఆ మధ్యాహ్నం హాల్లో కేలీ, అంటే స్కాట్లండ్ వాళ్ల నాట్యం. ఫిడేలు, అకార్డియన్, డ్రమ్ము మోగుతుంటే హాలంతా చేతులు పట్టుకుని తిరుగుతారు, మన కోలాటంలాగా. ఆ బ్యాండులో గ్రేమ్ ముప్పై ఏళ్లుగా డ్రమ్ము వాయిస్తున్నాడు. ఆయన డ్రమ్ము తోలు మరీ బిగుసుకుంటే కాస్త తడిపి వదులు చేస్తారట. నాదీ తోలే కదా అని మర్యాద చేశాడు. ఇప్పుడాయన మణికట్టు పాడైంది, ఆ చోటుకి మనిషి కావాలి. బ్యాండు పెద్ద మొయిరా నాకు ఒకే ఒక్క డాన్స్ ఇచ్చింది. అందులో జనం అడుగు తప్పితే వచ్చే నెల నుంచి రికార్డు చేసిన డ్రమ్మే.

నాకా ఒక్క డాన్సే ప్రాణం. ఆ డప్పు మా తాత మొగిలయ్యది. చిన్నప్పుడు ఆయన వెనక నిలబడి తొడ మీద దరువేస్తూ నేర్చుకున్నాను. ఆడపిల్లకు డప్పేమిటని ఊళ్లో ఎవరూ ముట్టనివ్వలేదు. ఇక్కడ విదేశంలో, ఆల్బనీలో, ఫార్మసీ ఉద్యోగం వచ్చి బయల్దేరుతుంటే తాతే పిలిచి చేతిలో పెట్టాడు. పదిమంది ముందు ఇంతవరకు వాయించలేదు.

వేలితో తడితే తడిసిన అట్టపెట్టె చప్పుడు. ఏడుపూ కోపమూ కలిసి వచ్చాయి. తాతకి ఫోన్ చేశాను. అక్కడ పొద్దున్నే, చాయ్ తాగుతున్నాడు. గడ్డిమంట మీద కాచుకోమన్నాడు. ఈ హాల్లో మంట పెడితే ఫైరింజను వస్తుందన్నాను.

“మంట లేకుంటే మానె బిడ్డా. ఏడ వెచ్చగుంటదో సూడు.”

చూశాను. వంటగది కౌంటర్ మీద పై వార్మర్, మాంసం కూరి కాల్చిన పైలు వేడిగా ఉంచే పెద్ద గాజు పెట్టె. అక్కడున్న ఆవిడని బతిమాలి, కింది అరలో పైలన్నీ తీయించి డప్పు లోపలికి తోశాను. గ్రేమ్ తప్పు చేసిన పిల్లాడిలా దానికి కాపలా నిలబడ్డాడు. మొయిరా వచ్చి, పైల కింద డప్పు చూసి, వాచీ చూసుకుని వెళ్లిపోయింది. చివరి నిమిషంలో బయటికి తీసి తట్టాను. ఖంగుమంది.

ఫిడేలు మొదలైంది. కుడిచేత చిర్ర అనే లావు కర్ర, ఎడమచేత సన్నటి చిటికెన పుల్ల. మొదటి చుట్టు నాలుగు జంటలు తడబడ్డాయి. తప్పు నాదే, ఊరేగింపులో ఉన్నట్టు చేయి పరుగెత్తుతోంది. ఎదురుగా గ్రేమ్ బాగున్న చేతిని మెల్లగా కిందికి దించాడు. సైగ పట్టుకుని నెమ్మదించాను. రెండో చుట్టుకి వంద పాదాలు ఒక్కసారే నేల మీద పడ్డాయి. చెక్కనేల అదిరి నా కాళ్లలోకి ఎక్కింది. పెళ్లిలో కూడా డాన్స్ చేయనని మొండికేసిన మా ఆయన మహిధర్ ఎవరో ముసలావిడ చేయి పట్టుకుని గిరగిరా తిరుగుతున్నాడు. అంత ఆనందం నాకు అంతకుముందు తెలియదు.

అయిపోయాక చప్పట్లు ఆగలేదు. మొయిరా నా వైపు చూడనైనా చూడకుండా వంటగది కౌంటర్ దగ్గరికి నడిచింది. నా చెవులు రెండూ అటే.

“వచ్చే నెల కింది అర ఖాళీగా ఉంచు,” అంది పైలు తీసిన ఆవిడతో. “ఫర్ అవర్ డ్రమ్.”

ఇంగ్లిషులో మా అన్నా, మన అన్నా ఒకటే మాట. నేను మన అనే తీసుకున్నాను.