గొట్టంలో గాలి

ఝపటాపూర్ అవతల పల్లపు నేలను గోదాముల కోసం చదును చేయించడానికి ఒక కంట్రాక్టరు చిన్న బుల్డోజరు తెప్పించాడు. దాన్ని నడిపేవాడు తీతు. దాని మంచిచెడ్డలు చూసుకునే మిస్త్రీ ఎర్రయ్య. ఇద్దరూ రైల్వే కాలనీ అయిన ఓల్డ్ సెటిల్‌మెంట్‌లో పక్కపక్క సందుల్లో పెరిగినవాళ్ళు. ఇద్దరి నాన్నలూ రైల్వే వర్క్‌షాపులో ఒకే షెడ్డులో పనిచేశారు. తీతును ఈ పనిలోకి తెచ్చింది కూడా ఎర్రయ్యే. "నా తమ్ముడి లాంటోడు, బాబూ" అని సూపర్‌వైజరు హాల్దార్ బాబు ముందు పూచీపడ్డాడు.

డీజిల్ బండి బాగోగులన్నీ నూనె శుభ్రంలోనే ఉన్నాయని ఎర్రయ్య నమ్మకం. పొద్దున్నే అందరికన్నా ముందొచ్చి ట్యాంకు అడుగు కొళాయి తిప్పి, పేరుకున్న నీళ్ళూ మడ్డీ వదిలేసేవాడు. గరాటుకి గుడ్డ కట్టనిదే ఎవరినీ డీజిల్ పోయనిచ్చేవాడు కాదు. ఫిల్టరు విప్పి కడిగి బిగించి, గాలి పోవడానికి చిన్న మర ఒకటి సడలించి, చేతిపంపు కొడుతూ కూర్చునేవాడు. ముందు నురగ వచ్చేది, తరవాత బుడగలు, ఆఖరికి తెంపులేని ధార. అప్పుడు మర బిగించి "ఇంక కొట్టు తమ్ముడూ" అనేవాడు. ఇంజను ఒక్క ఊపులో అందుకునేది.

పని మురుగు కాలవ ఒడ్డున ఉన్న గుడిసెల వైపు తిరిగాక ఆ ఇంజనుకి రోగం పట్టుకుంది. పొద్దున్న బాగానే నడిచేది. గుడిసెల దాపుకి వచ్చేసరికి దగ్గి దగ్గి ఆగిపోయేది. విప్పి చూస్తే గొట్టంలో గాలి. ఎర్రయ్య గాలి తీసేసేవాడు. మర్నాడు మళ్ళీ అదే వరస. రాగి వాషర్లు మార్చాడు. ఫిల్టరు కొత్తది వేశాడు. ట్యాంకు మూతకున్న సన్నని రంధ్రం మూసుకుపోయిందేమోనని తీగ పెట్టి పొడిచాడు. ఏం చేసినా గాలి ఎక్కడి నుంచి వస్తోందో అంతుపట్టలేదు.

"మిస్త్రీ, ఫిర్ బంద్?" అని హాల్దార్ బాబు అందరి ముందూ గొంతు పెంచేవాడు. నీ చేతిలో పనితనం పోయింది, ఇంకో మిస్త్రీని చూసుకుంటానని ఒకనాడు మొహం మీదే అనేశాడు.

ఎర్రయ్యకి తిండి సయించడం మానేసింది. నట్టు బిగించి నాలుగడుగులు వేసి, బిగించానో లేదోనని వెనక్కి వచ్చి మళ్ళీ పట్టుకుని చూసుకునేవాడు. తన చేతులంటే తనకే అనుమానం పుట్టింది. ఆ రోజుల్లో అతన్ని ఓదార్చింది తీతు ఒక్కడే.

"నీ తప్పేటుందన్నా? ముసిలి ఇంజను. నువ్వు కాబట్టి ఈమాత్రమైనా లాగుతున్నాది" అని బీడీ వెలిగించి ఇచ్చేవాడు.

ఇంజను అదురుకి ఏదో నట్టు సడలిపోతోందేమోనని ఎర్రయ్యకి ఒక ఆలోచన వచ్చింది. బోర్డులు రాసే కొట్లో కాస్త ఎర్ర రంగు అడిగి తెచ్చాడు. పొద్దున్న అన్నీ బిగించాక ప్రతి నట్టు మీదుగా గొట్టం దాకా ఒక్కో సన్నని గీత గీశాడు. నట్టు కదిలితే గీత విరుగుతుంది. తీతు ఇంకా రాలేదు. వచ్చాక ఎర్రయ్య పనిలో పడి అతనికి చెప్పడం మరిచిపోయాడు.

ఎండ నడినెత్తికి ఎక్కుతుండగా డోజరు ఆగింది. ఎర్రయ్య వెళ్ళి ఇంజను మీది రేకు ఎత్తి చూశాడు. అన్ని గీతలూ తిన్నగా ఉన్నాయి, ఒక్కటి తప్ప. ట్యాంకు నుంచి పంపుకి వెళ్ళే గొట్టం మీది నట్టు అది. అక్కడ సడలితే నూనె బయటికి కారదు, గాలి లోపలికి పోతుంది. నట్టు అంచుల మీద స్పానరు కొత్తగా చెక్కిన మెరుపు కనిపించింది. అదురుకి సడలిన నట్టుకి ఆ మెరుపు రాదు.

ఎర్రయ్య తలెత్తి చూశాడు. తీతు సీటు దిగి, బండికి ఆనుకుని నిలబడ్డాడు.

"నువ్వేనా?"

తీతు తల దించుకున్నాడు. "ఆ సివరి గుడిసి మా పెద్దమ్మది అన్నా. అమ్మ పోయినాక నన్ను పెంచింది ఆవిడే. ఇంకో సోటు దొరికేదాకా ఆపుదామని..."

సరోజమ్మ పెద్దమ్మ! ఆమె చేతి ముద్దలు తీతుతో పాటు ఎర్రయ్యా తిన్నాడు. ఆమె ఈ కాలవ ఒడ్డుకి మారిందని అతనికి తెలియదు.

"నాకెందుకు సెప్పలేదురా? సెప్పుంటే నానే ఇప్పుదును కదా! ఫిల్టరు లేదని, పంపు పాడైందని, ఏదోటి సెప్పి ఆపుదును. ఇన్నాళ్ళూ పిచ్చోడిలా తిరిగినాను. సూస్తా ఊరుకున్నావా?"

"బాబుకి సెప్పేస్తావని బయమేసింది."

ఆ మాట ఎర్రయ్య గుండెలో గుచ్చుకుంది. అంతలో హాల్దార్ బాబు గొడుగు ఊపుకుంటూ వచ్చేశాడు. ఈసారి ఎందుకాగిందని తీతునే అడిగాడు.

తీతు ఎర్రయ్య వైపు ఒక్కసారి చూశాడు. తరవాత బాబు వైపు తిరిగి "నట్టు లూజు, దాదా. మిస్త్రీ సరిగ్గా బిగించలేదు" అన్నాడు.

ఎర్రయ్య విరిగిన గీత వైపు చూశాడు. గీత చూపించవచ్చు. ఒక్క మాట చాలు. కానీ కాలవ ఒడ్డున ఆరేసిన చీరలు, పిడకలు, పొగ కక్కుతున్న పొయ్యి కళ్ళ ముందే ఉన్నాయి. తీతు పోతే ఈ బండిని ఆపేవాడుండడు. అతను మళ్ళీ స్పానరు అందుకున్నాడు. నట్టు బిగించాడు, చేతిపంపు కొట్టాడు, బుడగలన్నీ పోయేదాకా కూర్చున్నాడు. సీటెక్కి ఇంజను తనే స్టార్టు చేసి, కిందికి దిగాడు. రేపటి నుంచి రానక్కరలేదని బాబు అన్నాడు. ఎర్రయ్య స్పానర్లు గుడ్డలో చుట్టుకుని నడిచాడు. తీతు వెనక నుంచి "అన్నా" అని పిలిచినా ఆగలేదు.

కొత్త మిస్త్రీకి ఆ బండి తీరు అలవాటయ్యేలోగా మరికొన్నాళ్ళు పని సాగలేదు. ఆ తరవాత గుడిసెలు పోయాయి. వాటి మీద డోజరు నడిపింది తీతే. ఇంకో చోటు దొరక్క అప్పటికి సరోజమ్మ సామానుతో సహా తీతు ఇంటికి చేరిపోయింది. ఎర్రయ్యకి లారీ షెడ్డులో పని దొరికింది.

ఒక ఆదివారం ప్రార్థన అయ్యాక సరోజమ్మ ఎర్రయ్య ఇంటికి వచ్చింది. కొంగు చాటున గులాబీపువ్వుల పిండివంట ఉన్న గిన్నె. గుమ్మంలోనే అతని చేతులు పట్టుకుంది.

"నువ్వూ ఆడూ కలిసి బండి ఆపినారంట కదా నాయినా. తీతు అంతా సెప్పినాడు. నా కోసం నీ పని పోగొట్టుకున్నావు. దేవుడు నిన్ను సల్లగా సూడాల."

"కలిసి" అన్న ఆ మాట దగ్గర ఎర్రయ్య చేతులు వెనక్కి తీసుకున్నాడు. తీతు తనకి దక్కనివ్వని పుణ్యానికి ఈ ముసలామె తనని దీవిస్తోంది. ఆ పుణ్యంలో వాటా కూడా తీతు అబద్ధంతో పంచిపెట్టినదే.

"కూకో పెద్దమ్మా" అన్నాడు. "మంచినీళ్ళు తాగు."

ఆమె వెళ్ళాక భార్య పోలమ్మ కోపం ఆపుకోలేకపోయింది. "నిజిం సెప్పకపోయావా? ఆడు నిన్ను ముంచినాడని సెప్పకపోయావా?"

"సెప్తే ఆ ముసిల్ది ఆడింట్లో కూడు తింతాదేటి? లేసి ఎల్లిపోద్ది. ఎక్కడికెల్తాది?"

పోలమ్మ గిన్నె తీసుకుని లోపలికి వెళ్ళింది. ఎర్రయ్య గుమ్మంలోకి వచ్చి చూశాడు. సందు చివర తీతు సైకిలు పట్టుకుని పెద్దమ్మ కోసం నిలబడి ఉన్నాడు. ఇద్దరి చూపులూ కలిశాయి. తీతు చెయ్యి ఎత్తబోయాడు.

ఎర్రయ్య లోపలికి వెళ్ళి తలుపు వేసుకున్నాడు.