చెవి మేస్త్రీ

అల్లుడి మీద చెవి మేస్త్రీకి వీసమెత్తు గౌరవం లేదు. ఎందుకుంటుంది చెప్పండి? ఇద్దరే పట్టే స్పోర్ట్స్ కారు, నేలకు జానెడెత్తు, ఎక్కాలంటే నడుం విరగాలి, దిగాలంటే ఇంకొకరు చెయ్యివ్వాలి. అలాంటిది కొనుక్కుని, నడిపినంతసేపూ ఎడంకాలు క్లచ్ పెడల్ మీదే పెట్టుక్కూర్చుంటే బేరింగ్ అరక్క ఏం చేస్తుంది? పెడల్ తొక్కితే కీచుమంటోందని అల్లుడు చెప్పీ చెప్పకముందే, కారు స్టార్టు కూడా చేయించకుండా మేస్త్రీ తేల్చేశాడు. క్లచ్ బేరింగే పోయింది, ఇంట్లోనే మార్చేద్దామన్నాడు.

అన్నాడంటే ఊరికే అనలేదు. నలభై ఏళ్లు ఇంజను చప్పుడు విని రోగం చెప్పిన మనిషి. ఆ పేరు అందుకే వచ్చింది. అలాంటివాణ్ణి షెడ్డు ఓనరు ఆర్నెల్ల కిందట, వినికిడి తగ్గిందని చెప్పి ఇంటికి పంపేశాడు. తగ్గిందట! ఆ మాట తలుచుకుంటే మేస్త్రీ ఇప్పటికీ ఒంటికాలి మీద లేస్తాడు. ఆ ఓనరూ అల్లుడూ చిన్నప్పటి స్నేహితులు. ఈ పని సవ్యంగా చేసి చూపిస్తే, సోమవారం ఓనరుకి ఫోన్ చేసి మళ్లీ పెట్టుకోమని చెబుతానని అల్లుడు మాటిచ్చాడు. పోయి పోయి ఈయనగారి సిఫార్సు కావలసొచ్చింది, ఖర్మ.

ఆదివారం పొద్దున్నే కారును స్టాండ్ల మీదికెత్తారు. అల్లుడు విప్పిన ప్రతి బోల్టునీ ఒక కప్పులో వేసి, కప్పుకో చీటీ అంటించి, ఫోనులో ఫోటో తీశాడు. బోల్టులకు గుర్తింపు కార్డులిస్తున్నారా అల్లుడుగారూ, అని మేస్త్రీ అడిగాడు. మీరు, గారు ఎప్పుడూ తప్పడు. తిట్టదలచినవన్నీ అందులోనే తిట్టేస్తాడు.

గేర్‌బాక్సు దింపేసరికి మధ్యాహ్నమైంది. పాత బేరింగ్ తిప్పి చూస్తే వేలికి ఇసుక తగిలినట్టుంది. మేస్త్రీ దాన్ని అల్లుడి అరచేతిలో పెట్టి, ఇది మీ ఎడంకాలి ప్రతాపం, బీరువాలో దాచుకోండి అన్నాడు.

కొత్తదాన్ని దాని గూట్లోకి దించాలి. బెంచికున్న వైసు దవడల మధ్య పెట్టి, మర తిప్పుతూ మెల్లగా నొక్కుదామని అల్లుడన్నాడు, ఏదో వీడియోలో చూశాట్ట. మేస్త్రీకి నవ్వాగలేదు. కర్రముక్క ఆనించి సుత్తితో కొట్టాలనీ, బేరింగ్ అడుక్కి చేరగానే దెబ్బ మోత మారుతుందనీ, ఆ క్షణాన ఆపకపోతే లోపలి గోళీలు దెబ్బతింటాయనీ, ఆ మోత పట్టుకోవడమే పనితనమనీ, అది వీడియోల్లో దొరకదనీ వివరించాడు. వివరించి కొట్టాడు. నాలుగు, అయిదు, ఆరు.

అల్లుడు ఏదో అన్నాడు. మేస్త్రీ తలెత్తలేదు. అల్లుడు భుజం తట్టి, గట్టిగా మళ్లీ అన్నాడు.

"కూర్చుంది మావయ్యగారూ. మోత మారి రెండు దెబ్బలైంది."

"మోత గురించి మీరు నాకు చెబుతారా?"

అని ఇంకో మూడు దెబ్బలు వేశాడు.

సాయంత్రానికి అన్నీ బిగించి కారు దింపారు. అల్లుడు స్టార్టు చేసి పెడల్ తొక్కాడు. మేస్త్రీ గుడ్డతో చేతులు తుడుచుకుంటూ, పని అంటే ఇదీ, పిల్లి నడిచినట్టుంది చూడండి అన్నాడు.

మెట్ల మీద నిలబడ్డ కూతురు రెండు చెవులూ మూసుకుంది. పక్కింటాయన గోడ మీంచి తొంగిచూసి మొహం చిట్లించాడు. మేస్త్రీ అల్లుడి వైపు తిరిగాడు. వాడి మొహంలో జాలి. క్లచ్ తొక్కడం రానివాడికి తన మీద జాలి! ఒళ్లు మండిపోయింది.

కారును మళ్లీ స్టాండ్ల మీదికెత్తించి, పెడల్ తొక్కమన్నాడు. నేల మీద వెల్లకిలా పడుకుని, తల కారు కిందికి జరిపి, కళ్లు మూసుకుని విన్నాడు. ఏమీ లేదు. ఎందుకో చెయ్యి చాచి గేర్‌బాక్సుకి ఆనించాడు. అల్లుడు పెడల్ తొక్కినప్పుడల్లా అది అరచేతి కింద గడగడా కొట్టుకుంటోంది. వదిలితే ఆగుతోంది. తొక్కితే మళ్లీ మొదలు.

థూ, వెధవ చెవులు, అనుకున్నాడు. అంతసేపూ అల్లుణ్ణి తిట్టిన తిట్లలో ఒక్కటీ ఇప్పుడు సరిపోలేదు.

కూతురు వచ్చి చెయ్యిచ్చి లేపింది. ఏదో అడుగుతోంది. పెదాలు కదలడం కనబడింది. అల్లుడు ఇంజను ఆపి దిగాడు.

"రేపు ఓనరుకి ఫోన్ చెయ్యకండి," అన్నాడు మేస్త్రీ.