వాలు సీటు

మా ఆయన బండి సీటు కొన్ననాటి నుంచీ ముందుకి వాలే ఉంది. ముందు కూర్చునే మహారాజుకి అది సింహాసనం, వెనక కూర్చునే నాకు జారుడుబల్ల. బ్రేకు పడినప్పుడల్లా వెళ్ళి ఆయన వీపుకి గుద్దుకుంటాను, మళ్ళీ వెనక్కి జరుగుతాను. ఆఫీసు చేరేసరికి నా నడుము నాది కాదు.

నన్ను దింపేసి ఆయన తన ఆఫీసుకి వెళ్తారు. ఇంట్లో పిల్లల గోల, ఫోన్ల గోల. మేమిద్దరం నోరారా మాట్లాడుకునేది ఆ దారిలోనే. అయినా ఎన్నాళ్ళని ఓర్చుకోను? "సోమవారంలోపు సీటు మార్చకపోతే నేను బస్సెక్కుతాను" అని తేల్చి చెప్పేశాను. ఆయన ముఖం మాడిపోయింది.

శనివారం పొద్దున్నే సీట్ల దుకాణానికి వెళ్ళాం. నేను అన్నిటికన్నా మెత్తటి సీటు మీద చెయ్యి వేశాను.

"అది వద్దమ్మా, కాసేపటికే అణిగిపోతుంది. కాస్త గట్టిగా, వెడల్పుగా, సమంగా ఉన్నది తీసుకోండి" అన్నాడు దుకాణదారు. అలాంటిదే ఒకటి తెచ్చి బండికి బిగించాడు. ఎక్కి కూర్చున్నాను. అబ్బ, ప్రాణం లేచొచ్చింది!

"ఇదే ఖాయం చేయండి" అన్నాను.

"కుట్టు వంకరగా ఉంది" అన్నారు మా ఆయన.

ఇంకొకటి బిగించాడు. రంగు నప్పలేదన్నారు. నల్ల బండికి నల్ల సీటు నప్పకపోవడమేమిటో! మూడోది వానకి నానుతుందేమోనట. వంకలేనమ్మ డొంక పట్టుకు ఏడ్చిందని ఊరికే అన్నారా?

నాకు ఒళ్ళు మండింది. "మీకు నా నడుమంటే లెక్కే లేదు. సోమవారం నుంచి బస్సే!" అని దిగిపోయాను. దుకాణదారు మనకెందుకులే అన్నట్టు కుట్టుమిషన్ వైపు తిరిగిపోయాడు.

ఆయన దగ్గరికొచ్చి గొంతు తగ్గించారు. "ఈ సీట్లన్నీ సమంగా ఉన్నాయే. నువ్వెక్కడో వెనక కూర్చుంటావు. ఆ వాలు సీటైతే జారైనా నా దగ్గరికొస్తావు."

కాలేజీకెళ్ళే పిల్లలున్న మా ఆయనకి చెవులు ఎర్రబడ్డాయి. నా కోపం ఎటు పోయిందో తెలియదు. నవ్వొచ్చింది, కళ్ళలో నీళ్ళూ తిరిగాయి. ఈయన మీద ఇంత ప్రేమ ఎక్కడ దాక్కుందో అనిపించింది.

"ఆ ముక్క ముందే చెప్పొచ్చుగా! బ్రేకు తోస్తే తప్ప నేను దగ్గరికి రాననుకున్నారా?"

మొదట బిగించిన సీటే మళ్ళీ బిగించమన్నాను. ఎక్కాక నా అంతట నేనే ముందుకి జరిగి, ఆయన నడుము చుట్టూ చెయ్యి వేశాను. హెల్మెట్లు రెండూ టక్కున కొట్టుకున్నాయి.

"ఏమే, అందరూ చూస్తున్నారు" అన్నారు మెలికలు తిరిగిపోతూ.

"చూస్తే చూడనివ్వండి. మీరు పోనివ్వండి."

మాటల్లో పడి, మా వీధి మలుపు ఎప్పుడు దాటేశామో ఇద్దరికీ తెలియలేదు.