ఐలవ్వ కోసిన రెక్కలు

ఐలవ్వ చేతికి కత్తెర దొరికితే చేప ఒంటిమీద రెక్క మిగలదు. శ్రీరాంపూర్ గనికార్మికుల క్వార్టర్లలో ఇరవయ్యేళ్లుగా చేపలమ్ముతున్న మనిషి. అక్కడి ఆడవాళ్లకు చేప చేతికి గుచ్చుకోకూడదు. అందుకని వల ఒడ్డుకు రాగానే, కబుర్లు చెబుతూనే, కన్నెత్తి చూడకుండానే రెక్కలన్నీ టకటకా కోసి కోళ్ల కోసం తట్టలో వేస్తుంది. ఒక్కటీ కింద పడనివ్వదు. ఆ చేతి వేగం చూసుకుని ఆవిడకు గర్వం కూడా తక్కువేం కాదు.

పోయినేడు ఆ వేగమే పనికొచ్చింది. గోదావరి మీది ప్రాజెక్టులో వదలడానికి చేపపిల్లలను తెచ్చిన మత్స్యశాఖ అమ్మాయి సృజన, వాటిలో రెండు వేలకు పొట్టకింది కుడి రెక్కను మొదలంటా కోయించింది. రేపు వలలో పడితే అవి పెంపకం చేపలో, గోదావరి చేపలో తెలియాలి కదా! ఐలవ్వ ఒక్కతే ఆరు వందల పిల్లలకు కోసింది. పైగా, పిల్లలున్న సంచులను ప్రాజెక్టు నీళ్లలో తేలేసి, లోపలి నీళ్లు చల్లబడేదాకా మూతి విప్పనివ్వలేదు. మొగుడు హనుమండ్లు పడీ పడీ నవ్వాడు.

"సంచులల్ల పుట్టినయి గంగల బతుకుతయా? వాలుగలు మింగుతయి పో!"

"నా పిల్లలు బతుకుతయి. నువ్వే జూస్తవు" అంది ఐలవ్వ.

ఇవాళ ఆ చూసే రోజు వచ్చింది. గుర్తున్న చేపలు కనిపిస్తేనే వచ్చే ఏడు ఈ ప్రాజెక్టుకు పిల్లలను పంపుతారట, లేకుంటే వేరే చోటికి పోతాయి. ఆ సంగతి సృజన ఫోన్లో రెండుసార్లు చెప్పింది. ఐలవ్వకు తెల్లవారుజాము నుంచీ కాలు నిలవలేదు.

వలలో దండిగానే పడ్డాయి. మంచిర్యాల గేటు దగ్గర రైలు అడ్డమై సృజన జీపు ఆలస్యమైంది. ఈలోగా పక్కింటి బాలలక్ష్మి వచ్చి కూర్చుని, మనవడికి బాసరలో అక్షరాభ్యాసం చేయించిన ముచ్చట మొదలుపెట్టింది. ముచ్చట ముగిసేసరికి అమ్మే చేపలన్నీ నున్నగా అయ్యాయి. కొడుకు సాగర్ వాటిని ఐసులో సర్ది, రోజూలాగే ఆటోలో శ్రీరాంపూర్ తీసుకెళ్లిపోయాడు. ఆటో కట్ట మలుపు తిరిగాక జీపు హారన్ వినిపించింది. అప్పుడు ఐలవ్వ తన చేతిలోని కత్తెర వైపు చూసుకుంది.

"అయ్యో! నా చేతులు పాడుగాను!"

సృజన ముఖం చిన్నబోయింది. హనుమండ్లు మాత్రం, "గుర్తులు వెట్టింది గీమెనే, మాయం జేసింది గీమెనే" అని బాలలక్ష్మికి కన్నుగీటాడు. ఐలవ్వకు ఏడుపొచ్చింది. రెక్కల తట్టను మొగుడి నెత్తిన బోర్లిద్దామనుకుని, ఎత్తబోయి ఆగింది.

తట్టను ప్లాస్టిక్ పట్టా మీద గుమ్మరించి బాసింపట్టు వేసుకుని కూర్చుంది. పొట్టకింది రెక్కలు ఏరి, కుడివి ఇటు, ఎడమవి అటు వేయసాగింది.

"అవ్వా, కోసినంక కుడియేదో ఎడమేదో ఎట్ల తెలుస్తది?" అంది సృజన.

"చెప్పుల కాలు దూర్చకుండనే అది ఏ కాలుదో ఎరుకైతది గదా బిడ్డా, గిదీ గంతే."

ఇంటి కూరకని రెక్కలు కోయకుండా అట్టిపెట్టిన చేప ఒకటి మిగిలి ఉంది. దాని రెండు రెక్కలు సృజన తానే కోసి, కళ్లు మూసుకున్న ఐలవ్వ అరచేతిలో ఒకటి పెట్టింది.

"ఎడమ."

ఇంకోటి పెట్టకముందే, "గది కుడి" అంది ఐలవ్వ. ఆ జత కూడా కుప్పల్లో చేరింది.

సృజన లెక్కపెట్టింది. ఎడమవి ముప్పై ఎనిమిది, కుడివి ముప్పై ఒకటి. మళ్లీ లెక్కపెట్టింది. అంతే.

"కుడి రెక్క లేకుండనే వచ్చినయి ఏడు చేపలు!" అని అరిచి ఐలవ్వను వాటేసుకుంది. "ఫికర్ జేయకు అవ్వా, పిల్లలు మళ్ల వస్తయి."

జతలన్నీ కోళ్లకు వేసింది ఐలవ్వ. జత లేని ఆ ఏడింటినీ కొంగున ముడివేసుకుంది. ఈపాటికి ఆ చేపలు శ్రీరాంపూర్ పొయ్యిల మీద పులుసులో ఉడుకుతుంటాయని ఆవిడకు తెలుసు. అయినా సంతోషంతో కడుపు నిండిపోయింది.

హనుమండ్లు తడి వలను దులిపి, దులిపి, దులపాల్సింది ఏమీ లేకపోయినా ఇంకోసారి దులిపి, పెళ్లాం వైపు చూడకుండా అన్నాడు.

"వచ్చే ఏడు సంచులు చల్లవడేదాక నీళ్లల్ల నేను నిలవడత తియ్."