తెల్ల మూత డేగిసా

అక్క గుండె డాక్టరు దగ్గరి నుంచి ఒక కాగితం, అరకిలో వెన్న పట్టుకొచ్చింది. వెన్న పొట్లాన్ని బల్ల మీద పెట్టిన తీరు చూస్తే ఏదో యుద్ధం గెలిచి వచ్చినట్టే ఉంది. గెలిచినట్టే మరి! గుండెపోటుతో పది రోజులు ఆసుపత్రిలో పడుకుని వచ్చింది మొదలు ఆరు నెలలుగా ఉడకబెట్టిన కూరలు, ఉత్త రొట్టె, మీగడ తీసేసిన పాలు తప్ప ఇంకేదీ ఆవిడ నోట పడలేదు. పడనిస్తేగా చెల్లెలు!

"చూసుకో" అంది అక్క కాగితాన్ని చెల్లెలి ముందుకు తోసి. "ఇన్నాళ్ళూ నా కడుపు మాడ్చావు కదే! పాత డాక్టరు బదిలీ అయిపోయాడు, కొత్తాయన వచ్చాడు. కుర్రాడే గానీ బాగా చదువుకున్నాడు. 'వెన్న మానక్కర్లేదమ్మా, దానికీ గుండెకీ సంబంధం లేదని మన పెద్దాసుపత్రిలోనే ఎప్పుడో తేల్చేశారు' అని ఇది చేతిలో పెట్టాడు. ముప్పై ఏళ్ళు ఆ ఆసుపత్రిలోనే వండావు, నీకీ సంగతి తెలీదూ?"

చెల్లెలికి తెలుసు. ఆ ఆసుపత్రి వంటశాలలో ఆవిణ్ణి అందరూ గరిటమ్మ అనేవాళ్ళు. అసలు పేరు జీతాల గుమాస్తాకి తప్ప ఎవరికీ గుర్తులేదు. తల్లి పోయాక అక్కే కుట్టుమిషను తొక్కి తనని పెంచింది. ఇప్పుడు ఇద్దరూ రెండు గదుల ఇంట్లో ఒకరినొకరు సాధించుకుంటూ హాయిగా బతుకుతున్నారు. గరిటమ్మకి ఈ లోకంలో ఉన్నది ఆ అక్క ఒక్కతే.

కళ్ళజోడు పెట్టుకుని కాగితం చూసింది. పైన తను వండిన రోజుల్లో ఆసుపత్రి పెద్ద డాక్టరుగా ఉన్నాయన పేరు. కింద ఐదేళ్ళ తేదీలు, తనకి బాగా గుర్తున్నవే. గరిటమ్మ వాటిని వేలితో మళ్ళీ ఒకసారి లెక్కపెట్టుకుంది.

ఇరవై రెండేళ్ళ కిందటి మాట. ఆసుపత్రి వెనక భవనంలో, ఇళ్ళల్లో చూసే దిక్కులేని ముసలివాళ్ళు నూట ఇరవై మంది ఉండేవారు. ఎడమ వార్డులో అరవై, కుడి వార్డులో అరవై. ఒకరోజు పెద్ద డాక్టరు స్వయంగా వంటశాలకి వచ్చాడు. ఇక నుంచి వంట రెండు డేగిసాల్లో విడివిడిగా చెయ్యాలన్నాడు. ఎర్ర మూతది ఎడమ వార్డుకి, అందులో ఎప్పటిలాగే వెన్న, మీగడ. తెల్ల మూతది కుడి వార్డుకి, అందులో కొవ్వు చుక్క కూడా పడకూడదు. ఐదేళ్ళలో ఏ వార్డులో ఎంతమంది గుండె జబ్బుతో పోతారో చూసి, కొవ్వు మంచిదో చెడ్డదో తేల్చి చెబుతానన్నాడు. "అంతా నీ చేతిలోనే ఉంది గరిటమ్మా" అని భుజం కూడా తట్టాడు. మహానుభావుడు, ఆ చేతిని ఒక్కసారైనా గమనించుకోవద్దూ?

రెండో నెలకల్లా కుడి వార్డు కంచాలు తిన్నవి తిన్నట్టే వెనక్కి రావడం మొదలైంది. అక్కడ గడియారాల తాత అని ఒకాయన ఉండేవాడు. జన్మంతా గడియారాలు బాగుచేసి కళ్ళు పోగొట్టుకున్నాడు. ఒక మధ్యాహ్నం సూపులో చెంచా వదిలేసి, "అమ్మాయీ, నాకు మిగిలింది నోరొక్కటే. దాన్ని కూడా ఎందుకు చంపుతున్నారు?" అన్నాడు. గరిటమ్మ ఆ గిన్నె తీసుకెళ్ళి తనే రుచి చూసింది. మర్నాడు ఆయన గిన్నెలో ఎవరూ చూడకుండా కాస్త వెన్న వేసింది. తాత మొహం విప్పారింది. వాసన పక్క మంచానికి వెళ్ళింది, ఆ పక్క మంచం నుంచి వార్డంతా వెళ్ళింది. ఒకరికి పెట్టి ఇంకొకరికి ఎలా లేదంటుంది? నెల తిరక్కుండానే తెల్ల మూత డేగిసాలో గరిటెడు వెన్న పడింది. ఎడమ వార్డు వాటాలోంచే సర్దేది. ఆ పైన ఐదేళ్ళూ రెండు డేగిసాలకీ తేడా మూత రంగొక్కటే.

తప్పు చేస్తున్నానని అనిపించిందా? లేదు. డాక్టర్ల రాతకోతలు డాక్టర్లవి, ఆకలి ఆకలే అనుకుంది. ఐదేళ్ళయ్యాక రెండు వార్డుల్లోనూ పోయినవాళ్ళు ఇంచుమించు సమానమని తేలింది. తేలక ఏం చేస్తుంది, అందరూ తిన్నది ఒక్కటే అయితే! కొవ్వు తిన్నా మానినా ఒకటేనని పెద్ద డాక్టరు రాశాడు. పత్రికలు మెచ్చుకున్నాయి. సన్మానసభలో వెనక వరసలో నిలబడి గరిటమ్మ కూడా చేతులు నొప్పిపుట్టేలా చప్పట్లు కొట్టింది. తన వంటకే మెచ్చుకుంటున్నారనుకుంది పిచ్చిది.

ఆ చప్పట్లు ఇన్నేళ్ళకి ఇలా ఇంటికొచ్చాయి.

"అక్కా, ఆ కాగితం అబద్ధం" అంది, వెన్న పొట్లం తన వైపు లాక్కుని. ఉన్నదంతా పూసగుచ్చినట్టు చెప్పింది.

అక్క విని పకపకా నవ్వింది. "ఓసి నీ దుంప తెగ! నా నోటి దగ్గరిది లాక్కోవడానికి ఎంత కథ అల్లావే! చిన్నప్పుడు బెల్లం డబ్బాలో బల్లి పడిందని చెప్పి మొత్తం నువ్వే మింగావు, గుర్తుందా?"

"ఒట్టక్కా. నీ మీద ఒట్టు."

"నా మీద వద్దులే, అసలే గుండె జబ్బు మనిషిని" అని పొట్లం మళ్ళీ తన వైపు లాక్కుంది. ఆ పూట రొట్టె మీద వేలి మందాన వెన్న పూసుకుని కళ్ళు మూసుకుని తింది. ఆ మొహంలో గరిటమ్మకి గడియారాల తాత కనిపించాడు. అప్పుడు ముచ్చటేసిన మొహమే, ఇప్పుడు చూస్తే భయమేసింది.

మర్నాడు పొద్దున్నే పెద్ద డాక్టరు ఇంటికి వెళ్ళింది. ఆయన ఉద్యోగం మానేసి చాలా ఏళ్ళయింది. వరండాలో ఫలహారానికి కూర్చుని ఉన్నాడు. వెనక గోడ మీద ఆనాటి సన్మానపత్రం అద్దాల చట్రంలో వేలాడుతోంది.

"గరిటమ్మా! నువ్వా? రా రా, కూర్చో."

కూర్చోలేదు. నిలబడే చెప్పేసింది. తెల్ల మూత డేగిసా, గరిటెడు వెన్న, ఐదేళ్ళు. అరుస్తాడనుకుంది. పోలీసుల్ని పిలుస్తాడేమోనని కూడా అనుకుంది. ఆయన మాత్రం రొట్టె ముక్కని నెమ్మదిగా తుంచుకున్నాడు.

"తెలుసు" అన్నాడు.

"ఏం తెలుసండీ?"

"కొవ్వు మానేసినవాళ్ళు అలా ఒళ్ళు చేయరు. రక్తపరీక్షల్లో కూడా రెండు వార్డులకీ తేడా రాలేదు. రెండో ఏడే అర్థమైంది, వంటశాలలో ఎవరో కలుపుతున్నారని."

"మరి నన్ను అడగలేదేం? ఒక్క కేకేస్తే ఆపేసేదాన్ని కదా!"

"అప్పటికి రెండేళ్ళు పోయాయి. మళ్ళీ మొదటి నుంచి మొదలుపెట్టమంటే నాకెవరు డబ్బిస్తారు? నా పరువేం కావాలి? నువ్వు కలిపావు, నేను కళ్ళు మూసుకున్నాను. సరికి సరి."

గరిటమ్మ ఒళ్ళు మండిపోయింది. "జాలిపడి కలిపానండీ నేను! మీరు దేనికి మూసుకున్నారు?"

ఆయన టీ కప్పు అందుకున్నాడు.

"సరే, పోనీండి. మీరెందుకు చేశారో, నేనెందుకు చేశానో ఆ దేవుడికెరుక. ఒక్క మాట చెప్పండి చాలు. మా అక్కది గుండె జబ్బు. మీ కాగితం చూసి వెన్న తింటోంది. తినొచ్చా, వద్దా?"

"తెలీదు గరిటమ్మా."

"మీకే తెలీకపోతే ఎలాగండీ!"

"అది తెలుసుకుందామనే కదా ఆ రెండు డేగిసాలు పెట్టించింది. తేలినట్టు నేనే రాశాక, మళ్ళీ కష్టపడి పరీక్షించి చూసినవాళ్ళు ఈ చుట్టుపక్కల లేరు."

అప్పుడు గరిటమ్మ కళ్ళు బల్ల మీదికి వెళ్ళాయి. ముప్పై ఏళ్ళు కంచాలు చూసిన కళ్ళవి, ఏ కంచంలో ఏముందో, ఏం లేదో ఇట్టే పట్టేస్తాయి. రెండు రొట్టె ముక్కలు, ఒక ఆపిలు, పాలు కలపని టీ. రొట్టె మీద ఏమీ లేదు. బల్ల మీద వెన్న గిన్నె లేదు.

"మీరు వెన్న వేసుకోరా డాక్టరుగారూ?"

ఆయన చేతిలో ముక్క ఆగిపోయింది. చట్రం వైపు చూడబోయి, తల దించుకున్నాడు.

"ముట్టను" అన్నాడు. "ఇరవై ఏళ్ళయింది. ఎందుకైనా మంచిదని."

ఛీ అనాలనిపించింది. అనలేదు, చెప్పులు వేసుకుని వచ్చేసింది. దారి పొడుగునా ఆయన్నే తిట్టుకుంది. ఇంటి సందు మలుపు తిరిగాక ఆ తిట్లు తనకీ తగిలి నోరు మూసుకుంది.

అక్క మిషను మీద ఎవరిదో జాకెట్టుకి చేతులు అతుకుతోంది. "ఎక్కడికే తల్లీ చెప్పాపెట్టకుండా? ఆకలేస్తోంది, రొట్టె పెట్టు" అంది తలెత్తకుండానే.

"ఆ కాగితం రాసినాయన దగ్గరికి వెళ్ళాను. ఆయన వెన్న ముట్టడటక్కా."

మిషను ఆగింది. ఈసారి అక్క నవ్వలేదు. సూది కింది నుంచి జాకెట్టు తీసి పక్కన పెట్టి, "అయితే నిన్న చెప్పింది కథ కాదన్నమాట" అంది.

"కాదు."

"ఆ గడియారాలాయన ఏమయ్యాడు?"

"నాలుగో ఏడు పోయాడు. గుండె ఆగి."

"నువ్వు వెయ్యకపోతే ఇంకా బతికేవాడా?"

"ఏమో అక్కా. తిండి మానేసి ముందే పోయేవాడేమో. తెలీదు."

అక్క లేచి వచ్చి బల్ల దగ్గర కూర్చుంది. కాగితాన్ని నాలుగు మడతలు పెట్టి పక్కన పడేసింది. "డాక్టర్లూ వద్దు, కాగితాలూ వద్దు. ఇన్నేళ్ళు వండి పెట్టినదానివి, నువ్వు చెప్పు. తినమంటే తింటాను, మానమంటే ఇవాళే మానేస్తాను. మళ్ళీ ఆ ఊసెత్తితే ఒట్టు."

గరిటమ్మ రొట్టె ముక్క చేతిలోకి తీసుకుంది. చాకుతో వెన్న పూసింది. సగం గీకేసింది. మళ్ళీ కాస్త పూసింది.

"ఏమిటే అది? పూస్తున్నావా, గీకుతున్నావా?"

అక్క ఎదురుచూస్తోంది. అరవై మందికి, ఒక్కరినీ అడక్కుండా, ఐదేళ్ళు గరిటెలతో పోసిన చెయ్యి అది. అడిగి మరీ కూర్చున్న ఒక్క మనిషి ముందు ఆ చెయ్యి చాకు పట్టుకుని రొట్టె మీదే ఆగిపోయింది.

"చెప్పవే" అంది అక్క.