పాలు లేని హెరిటేజ్

దుర్గాశ్రీకి హెరిటేజ్‌లో మేనేజరు ఉద్యోగం వచ్చిందనీ, ఇవాళ ప్రారంభానికి వెళ్లినవాళ్లకి ఊరికే పాలు పోస్తారనీ ఎదురింటి సత్యవతి ఫరంపేటంతా చెప్పుకొచ్చిందట. కూరగాయల బండి దగ్గర ఈ మాట విన్న దుర్గాశ్రీకి నవ్వొచ్చింది గానీ, ఆగి సర్దిచెప్పే తీరిక లేదు.

గోదారి గట్టున ఫ్రెంచివాళ్ల కాలం నాటి బంగళాని హెరిటేజ్ మ్యూజియం చేశారు, దానికి ఆమె మేనేజరు. తాళాలు తియ్యడం, మెట్ల మీంచి మేకల్ని తోలడం, కరెంటాయన్ని బతిమాలడం, టికెట్లు చింపడం అన్నీ ఆమే. కుచ్చిళ్లు ఎగదోపి, స్టూలెక్కి గాజు దీపాలు తుడుస్తుంటే సంబరంగా ఉంది. భయమూ ఉంది. ఊళ్లోవాళ్లు రాని మ్యూజియం దండగనీ, ఇవాళ జనం కనబడకపోతే బంగళాని హోటలుకి ఇచ్చేస్తాననీ టూరిజం ఆఫీసరు వెంకటేశ్వరరావు ముందే చెప్పేశాడు. అప్పుడు ఆమె ఉద్యోగమూ పోయినట్టే.

ఆఫీసరు వచ్చి వరండాలో కూర్చున్నాడు. గేటు దగ్గర నరపురుగు లేదు. అంతలో మలుపులో ఆడవాళ్ల గుంపు కనబడింది. చేతుల్లో క్యాన్లు, చెంబులు, చంకల్లో పిల్లలు. ముందు సత్యవతి.

దుర్గాశ్రీ పరుగున ఎదురెళ్లింది.

“పాలు లేవు పిన్నీ. ఈ పాత ఇల్లు చూసుకోవడమే నా ఉద్యోగం.”

“మరి హెరిటేజ్ అన్నావు కదే?”

ఒకామె ఇంత దూరం క్యాను మోయించావని సత్యవతిని దెప్పింది. ఇంకొకామె ఎలాగూ వచ్చాం, చూసే పోదామంది. గిన్నెలు మెట్ల పక్కన బోర్లించి అందరూ లోపలికొచ్చారు.

ఇల్లంతా సందడైపోయింది. ఆ మంచం ఎక్కాలంటే నిచ్చెన కావాలని ఒకరు, ఇన్ని తలుపులుంటే దొంగే దారి తప్పుతాడని ఇంకొకరు. నలుపు తెలుపు పలకల మీద పిల్లలు తొక్కుడుబిళ్ల మొదలెట్టారు. ఇన్నాళ్లూ ఖాళీ గోడలకి అప్పజెప్పుకున్న మాటలకి ఎదురు ప్రశ్నలొస్తుంటే దుర్గాశ్రీ కాళ్లు నేలమీద ఆనలేదు. హోటలు మాట మర్చిపొమ్మని ఆఫీసరు ఆమెతో మెల్లగా అన్నాడు.

సత్యవతి మాత్రం ఓ కిటికీ దగ్గరే నిలబడిపోయింది. దాని చెక్క రెక్కల్ని మూసి, తెరిచి, మళ్లీ మూసింది. ఆఫీసరు ఆమె దగ్గరికెళ్లి, నచ్చిందా అమ్మా అని అడిగి, పాత ఇళ్లని ఇలాగే కాపాడుకోవాలని అందరికీ వినబడేలా చెప్పాడు.

“మా అత్తగారిల్లూ ఇలాగే ఉండేదండి, ఇయ్యే కిటికీలు. రోడ్డుకడ్డమని మీలాంటి ఆఫీసరే కూల్పించాడు. ఆ దిగులుతోనే ఆవిడ పోయింది. అప్పుడీ ముక్క చెప్పడానికి ఒక్కరూ రాలేదండి.”