లేస్తే రెండు ముక్కలు

“అమ్మాయ్, నా కళ్ళజోడు ఎక్కడుందో చూడు. ఇస్పేటో కళావరో తెలిసి చావడం లేదు,” అంది అత్తగారు.

కోడలు తన పేకముక్కల్ని దిండు కింద దాచి లేచింది. ఆట మొదలయ్యాక లేవడం ఇది అయిదోసారి. టీ, తలుపు, భర్త చార్జరు, మళ్ళీ టీ, ఇప్పుడు కళ్ళజోడు. తిరిగి కూర్చోగానే కూతురు అలవాటుగా రెండు ముక్కలు ముందుకు తోసింది. ఆట మధ్యలో లేస్తే రెండు ముక్కలు శిక్ష. ఆ రూలు పెట్టింది భర్తే. “నీకు ఆట మీద ధ్యాస ఉండదోయ్,” అని నవ్వుతాడు కూడా. ధ్యాస ఎక్కడ ఉంటుంది, సగం ఆట వంటింట్లోనే గడిచిపోతుంటే!

వాళ్ళింటి ఆటే అంత. ముక్కలన్నీ ముందు వదిలించుకున్నవాళ్ళది గెలుపు. జాకీ వేసినవాళ్ళు కొత్త రూలు పెట్టొచ్చు, కూతురు దాన్ని నోటుపుస్తకంలో రాస్తుంది. అన్నిటికన్నా గొప్ప సంగతి, గెలిచినవాళ్ళు చెప్పిన మాట వారం రోజులు ఇంట్లో చెల్లుతుంది. ఇన్నేళ్ళలో ఆమె ఒక్కసారీ గెలవలేదు. ఈరోజు మాత్రం గెలిచి తీరాలి. ఆమె పనిచేసే కళ్ళజోళ్ళ దుకాణంలో కళ్ళు పరీక్షించడం నేర్పుతారట. రేపటి నుంచి ఆరు సాయంత్రాలు. “సాయంత్రం పూట ఇల్లెవరు చూస్తారు?” అన్నాడు భర్త, పేపర్లోంచి తలెత్తకుండా. ఆ ఇల్లు తనదీ అన్న సంగతి ఆయనకెప్పుడూ గుర్తు రాదు.

కూతురి చేతిలో ఒక్క ముక్కే మిగిలింది. భర్త దగ్గర పదకొండు. ఆయన మొహం ముడుచుకుంది, అంతలోనే వెలిగింది. టపీమని జాకీ వేశాడు.

“కొత్త రూలు! ఆట ఇక్కడితో ఆపు. ఎక్కువ ముక్కలున్నవాళ్ళదే గెలుపు. రాసుకో!”

కూతురు మూతి ముడిచి రాసింది. ఆయన పది ముక్కలూ పరిచి మీసం దువ్వుకున్నాడు.

కోడలి ముక్కల్ని ఎవరూ ఎప్పుడూ లెక్కపెట్టలేదు, ఆమె కూడా. దిండు కింద నుంచి తీసి ఒక్కొక్కటీ పరిచింది. ఎనిమిది, తొమ్మిది, పది... పద్నాలుగు!

“అమ్మ గెలిచింది!” కూతురు ఎగిరి గంతేసింది.

“అదెలా? లేచినందుకు వచ్చిన ముక్కలు లెక్కలోకి రావు,” అన్నాడు భర్త.

ఆమెకు ఒళ్ళు మండింది. ఇన్నాళ్ళూ ఆ ముక్కలే కదా తనని ఓడించింది! అప్పుడు లెక్కలోకి వచ్చాయి కదా!

అత్తగారు కళ్ళజోడు సర్దుకుని కొడుకు వైపు చూసింది. “రాసింది రాసిందేరా. నేనూ ఈ ఇంట్లో చాలాసార్లు లేచాను.”

కోడలు పుస్తకం లాక్కుని తన చేత్తోనే రాసి, పైకి చదివింది. “ఈ వారం సాయంత్రాలు నేను ఇంట్లో ఉండను. ఎవరికి ఏం కావాలన్నా వాళ్ళే లేచి తెచ్చుకోవాలి.”

సంతోషం పట్టలేక పేక కలపడం మొదలెట్టింది. చేతుల్లో ముక్కలు నిలవడం లేదు, నవ్వూ ఆగడం లేదు.

“సరేలే, వారమేగా,” అన్నాడు భర్త. ఖాళీ కప్పు వైపు చూశాడు. “ఇంకొంచెం టీ...”

ఆమె ముక్కలు పంచుతూనే అంది: “లేవండి. లేస్తే రెండు ముక్కలు.”